హోదా గుమాస్తా, పని దేశరక్షణ: యుద్ధకాలపు గూఢచారి ఆఫీసుల్లో మహిళలు

ముందుగా ఒక ఫారం సంగతి చెబుతాం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో జోన్ క్లార్క్ అనే గణిత శాస్త్రవేత్త పనిచేసేవారు. జర్మన్ నౌకాదళం ఎనిగ్మా అనే యంత్రం సాయంతో పంపే రహస్య సందేశాలను విప్పడం ఆమె పని. ఆమెకు జీతం పెంచాలని పైఅధికారులకు ఉంది. కాని అంత పెద్ద పని చేసే స్త్రీకి ఇవ్వదగ్గ గ్రేడు ప్రభుత్వ నిబంధనల్లో లేదు. చివరకు ఆమెను 'భాషా నిపుణులు' గ్రేడులో చూపించి జీతం పెంచారు. ఆ తరువాత ఏదైనా ఫారం నింపవలసి వస్తే, గ్రేడు దగ్గర 'భాషా నిపుణురాలు' అనీ, వచ్చిన భాషల దగ్గర 'ఏవీ లేవు' అనీ రాయడం తనకు సరదాగా ఉండేదని ఆమే చెప్పుకున్నారు.

ఫైళ్ళ మధ్య ఉద్యోగ జీవితమంతా గడిపి రిటైరైన మాలాంటి వాళ్ళకు ఇది చదవగానే నవ్వొస్తుంది. కాసేపటికి ఆ నవ్వు పోతుంది. పోస్టు పేరు ఒకటి, చేసే పని ఇంకొకటి. సర్వీసు రిజిస్టరులో మాత్రం పోస్టు పేరే మిగులుతుంది.

గూఢచారి అనగానే మనకు సినిమాలే గుర్తొస్తాయి. నల్ల కళ్ళద్దాలు, తుపాకి, పరుగెత్తే కారు. నిజానికి యుద్ధకాలపు గూఢచారి శాఖలు చాలావరకు ఆఫీసులే. కాగితం వస్తుంది, నంబరు వేస్తారు, రిజిస్టరులో ఎక్కిస్తారు, సరిపోల్చుతారు, బీరువాలో దాస్తారు. ఆ ఆఫీసుల్లో బల్లల ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళు ఏం చేశారు, ఎలా చేశారు, రికార్డులో ఏమని మిగిలారు అన్నది పాఠకులకు వివరించాలన్నదే మా ప్రయత్నం.

కార్డుల బీరువా

బ్లెచ్లీ పార్కు లండనుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న పాత బంగళా. దాని చుట్టూ చెక్క షెడ్లు వేసి ఆఫీసు పెట్టారు. 1945 మొదటికి అక్కడా, దాని శాఖల్లోనూ కలిపి సుమారు 9,000 మంది పనిచేస్తున్నారు. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. మూడు షిఫ్టులు: పొద్దున ఎనిమిది నుంచి నాలుగు, నాలుగు నుంచి అర్ధరాత్రి, అర్ధరాత్రి నుంచి మళ్ళీ ఎనిమిది.

ఒక సందేశం ప్రయాణం ఇలా ఉండేది. జర్మన్ రేడియో పంపే మోర్స్ శబ్దాలను వినే కేంద్రాల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆపరేటర్లు అక్షరాల గుంపులుగా రాసుకుంటారు. ఆ కాగితం బ్లెచ్లీకి చేరి నమోదవుతుంది. ఎనిగ్మా యంత్రాన్ని ఏ అమరికలో పెట్టాలో జర్మన్లు రోజూ మారుస్తారు కనుక, ఆనాటి అమరిక ఏమిటో తేల్చాలి. అందుకు 'బాంబ్' అని పిలిచే పెద్ద యంత్రాలు ఉండేవి. పేరే బాంబు, పేలేదేమీ లేదు. సందేశంలో ఫలానా మాట ఉండి ఉంటుందని ఒకరు ఊహిస్తారు. వాతావరణ నివేదికల్లో ఒకే రకం వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి గదా, అలాంటివి ఆ ఊహకు ఆధారం. ఆ ఊహకు పొసగని అమరికలను యంత్రం ఒక్కొక్కటే కొట్టివేస్తుంది. యుద్ధం ముగిసేనాటికి అలాంటివి సుమారు 200 ఉన్నాయి. వాటిని నడిపింది ఎక్కువగా నౌకాదళ మహిళా విభాగం అమ్మాయిలు. రాత్రంతా ఆ యంత్రాల రొదలో నిలబడి చక్రాలు మార్చడం, తీగలు సరిచేయడం వాళ్ళ ఉద్యోగం. ఏ సందేశం విప్పుతున్నారో వాళ్ళకు చెప్పేవారు కారు.

అమరిక దొరికాక సందేశం జర్మన్ భాషలో బయటపడుతుంది. దాన్ని అనువదిస్తారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. అందులో వచ్చిన ప్రతి అధికారి పేరు, ప్రతి పటాలం, ప్రతి ఓడ, ప్రతి ఊరు ఒక్కో కార్డు మీదికి ఎక్కాలి. ఈ పేరు ఇంకెక్కడ వచ్చిందో ఆ కార్డు మీదే రాసి ఉండాలి. ఒక్క సందేశం చదివితే 'ఫలానా కెప్టెను బదిలీ అయ్యాడు' అని మాత్రమే తెలుస్తుంది. ఆరు నెలల కిందటి కార్డు తీసి పక్కన పెడితే అతని పటాలం ఎటు కదులుతోందో తెలుస్తుంది. రహస్యం ఒక కాగితంలో ఉండదు, రెండు కాగితాల మధ్య ఉంటుంది. ఆ రెండో కాగితాన్ని నిమిషంలో తీసి ఇవ్వగలిగేది కార్డుల దగ్గర కూర్చున్న మనిషే. ఆఫీసులో పాత ఫైలు కోసం రికార్డు రూము చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది.

జోన్ క్లార్క్ కూడా ఈ గుమాస్తా పనితోనే మొదలుపెట్టారు. ఆమె కేంబ్రిడ్జిలో గణితంలో మొదటి శ్రేణిలో నెగ్గారు. కాని ఆ విశ్వవిద్యాలయం 1948 దాకా స్త్రీలకు పూర్తి డిగ్రీ ఇవ్వలేదు. 1940 జూన్‌లో బ్లెచ్లీలో చేరినప్పుడు మిగతా అమ్మాయిలతో పాటు కాగితాల పనికి కూర్చోబెట్టారు. కొద్ది రోజుల్లోనే ఆలన్ ట్యూరింగ్ బృందంలో ఆమెకు ఒక బల్ల వేశారు.

జర్మన్ నౌకాదళం దగ్గర ఎనిమిది చక్రాలు ఉండేవి. రెండు రోజులకోసారి వాటిలో మూడింటిని ఎంచి వరసగా పెట్టాలి. అంటే 336 వరసలు. అన్నిటినీ యంత్రం మీద పరీక్షించే తీరిక లేదు. అందుకని పొడుగాటి కాగితాల మీద సందేశాలను రంధ్రాలుగా పొడిచి, ఒకదాని మీద ఒకటి జరుపుతూ, రంధ్రాలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో లెక్కపెట్టి, ఏ వరసలు కావో ముందే తేల్చే పద్ధతి కనిపెట్టారు. ఆ కాగితాలు బాన్‌బరీ అనే ఊళ్ళో అచ్చయ్యేవి కనుక పద్ధతికి 'బాన్‌బురిస్మస్' అన్న పేరు వచ్చింది. అందులో ఆరితేరిన కొద్దిమందిలో ఆమె ఒకరు. 1944లో ఆ విభాగానికి ఉపాధిపతి అయ్యారు. యుద్ధం తరువాత కూడా ప్రభుత్వ సంకేత సంస్థలోనే కొనసాగారు. బ్లెచ్లీ సంగతి 1974 దాకా బయటికి రాలేదు. అక్కడ పనిచేసిన ఎందరో ఆడవాళ్ళు అన్నేళ్ళూ కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

పింఛను లెక్కల ఆవిడ

మన పెద్దవాళ్ళకు ఆ యుద్ధం అంటే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడిన జపాన్ బాంబులు. అదే నెలలో మూటాముల్లె సర్దుకొని ఊరు వదిలిన మద్రాసు జనం. అప్పటికే జపాన్ ప్రభుత్వం తన రాయబారులకు పంపే అత్యంత రహస్య సందేశాలను అమెరికా చదువుతోంది. దానికి దారి తీసింది ఒక మాజీ గుమాస్తా అని ఆ రోజుల్లో ఎవరూ ఎరగరు.

ఆమె పేరు జెనెవీవ్ గ్రోట్జాన్. గణితం ఉపాధ్యాయురాలు కావాలని ఆశ. ఉద్యోగం దొరకలేదు. రైల్వే ఉద్యోగుల పింఛన్లు లెక్కకట్టే ప్రభుత్వ ఆఫీసులో గణాంకాల గుమాస్తాగా చేరారు. జీతం పెరగడానికని ఒక గణిత పరీక్ష రాశారు. ఆ మార్కులు సైన్యపు సంకేత విభాగం కంట్లో పడ్డాయి. 1939లో అక్కడికి తీసుకున్నారు.

జపాన్ వాళ్ళ కొత్త యంత్రానికి అమెరికన్లు 'పర్పుల్' అని పేరు పెట్టారు. అది ఇంగ్లిషు అక్షరాలలో ఆరింటిని ఒక రకంగా, మిగతా ఇరవైని ఇంకో రకంగా మార్చేది. ఆరింటి గుట్టు ముందే తెలిసింది. ఇరవై అక్షరాల దగ్గర ఏడాదిన్నరగా బండి కదల్లేదు. 1940 సెప్టెంబరు 20న ఆమె తన కాగితాలు పట్టుకొని పై అధికారుల దగ్గరికి వెళ్ళారు. ఒకచోట వేలు పెట్టి చూపారు, ఇంకోచోట చూపారు, మూడోచోట చూపారు. ఒకే క్రమం తిరిగి తిరిగి వస్తోంది. యంత్రం లోపలి కదలిక అదే. చూసినవాళ్ళు ఎగిరి గంతేశారు. విందంటే కోకాకోలా సీసాలు తెప్పించుకోవడమే. తరువాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వాడే స్విచ్చులతో ఆ యంత్రానికి నకలు తయారుచేశారు. అసలు యంత్రాన్ని ఎవరూ కళ్ళతో చూడలేదు.

దాని ఫలం యుద్ధం చివరిదాకా అందింది. బెర్లిన్‌లో జపాన్ రాయబారి ఒషిమా హిట్లర్‌కు ఆప్తుడు. 1943లో ఫ్రాన్సు తీరం వెంట జర్మన్లు కట్టిన రక్షణ ఏర్పాట్లు చూసి వచ్చి, టోక్యోకు వివరంగా రాశాడు. టోక్యోతో పాటు వాషింగ్టన్ కూడా ఆ నివేదిక చదివింది. మరుసటి ఏడు జూన్‌లో మిత్ర సేనలు దిగింది ఆ తీరంలోనే.

చేతిలో ఒకటి మిగలని కూడిక

వాషింగ్టన్ పక్కన ఆర్లింగ్టన్ హాల్ అని ఆడపిల్లల కాలేజీ ఉండేది. 1942లో సైన్యం దాన్ని తీసుకొని సంకేతాల ఆఫీసు చేసింది. ఊళ్ళలో బడిపంతులమ్మలుగా ఉన్నవాళ్ళను వెతికి మరీ తెచ్చారు. సైన్యం, నౌకాదళం కలిపి సుమారు 11,000 మంది ఆడవాళ్ళు ఆ యుద్ధంలో సంకేతాల పనిలో ఉన్నారు. వర్జీనియాలో బడిలో గృహవిజ్ఞానం చెప్పే జీన్ గ్రబీల్ వాళ్ళలో ఒకరు. 1943 ఫిబ్రవరి 1న ఆమెకు ఒక కొత్త పని అప్పగించారు. మిత్రదేశమే అయిన సోవియట్ యూనియన్ తన దౌత్య కార్యాలయాలతో నడిపే తంతి సందేశాల కట్టలు విప్పి, వాటిలో ఏముందో చూడాలి. తరువాతి కాలంలో 'వెనోనా' పేరుతో ప్రసిద్ధమైన పని అది.

సోవియట్ పద్ధతి ఇలా ఉండేది. ముందు మాటలను కోడ్ పుస్తకం చూసి అంకెలుగా మారుస్తారు. ఆ అంకెలకు ఒక రహస్య పట్టీలోని అంకెలు కలుపుతారు. కలిపేటప్పుడు 'పన్నెండులో రెండు వేసి ఒకటి చేతిలో' అన్నది లేదు. రెండు వేయడమే, చేతిలో ఒకటిని వదిలేయడమే. చిన్నప్పుడు మనం తప్పుగా చేసి దెబ్బలు తిన్న కూడికే అక్కడ రైటు. పట్టీలో ఒక్కో పేజీ ఒక్కసారే వాడి తగలబెట్టాలి. అలా వాడినంతకాలం ఎంత తెలివైనవాడికైనా అది లొంగదు.

కాని 1942 మొదట్లో, జర్మన్లు మాస్కో దాకా వచ్చిన ఒత్తిడిలో, అచ్చువేసేవాళ్ళు సుమారు 35,000 పేజీలను రెండేసి సార్లు అచ్చువేశారు. అంటే ఒకే పేజీ రెండు వేర్వేరు సందేశాలకు పడింది. అందులో ప్రమాదం ఏమిటి? ఒక మాట సంకేతం 41, ఇంకో మాటది 67, పట్టీలో అంకె 93 అనుకుందాం. 41కి 93 కలిపితే (చేతిలో ఒకటి వదిలేస్తే) 34. 67కి 93 కలిపితే 50. ఇప్పుడు 50లోంచి 34ను అదే పద్ధతిలో తీసేయండి: 26 వస్తుంది. 67లోంచి 41 తీసేసినా 26 వస్తుంది. పట్టీలోని 93 ఎగిరిపోయింది చూడండి. రహస్యాన్ని కాపాడే తాళమే లేకుండా పోయింది. మిగిలేది కోడ్ పుస్తకం ఒక్కటే. దాన్ని ఓపిక ఉన్నవాళ్ళు మెల్లగా విప్పుకోవచ్చు.

అయితే లక్షల అంకెల గుంపుల్లో ఏ రెండు కాగితాలకు ఒకే పేజీ పడిందో ఎవరు కనిపెట్టాలి? రోజంతా కూర్చుని తీసివేతలు చేసి చేసి చూడాలి. ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. 1944లో పేజీల పునరావృత్తిని గుర్తించే దారి తేల్చినవాళ్ళలో సెసిల్ ఫిలిప్స్ అనే యువకుడితో పాటు మన పింఛను లెక్కల జెనెవీవ్ కూడా ఉన్నారు.

ఏంజలీన్ నానీ కథ మాకు మరీ నచ్చింది. పెన్సిల్వేనియాలో చిన్న ఊళ్ళో అక్కచెల్లెళ్ళతో కలిసి బ్యూటీ పార్లర్ నడిపి, దాని పద్దులు రాసుకునేవారు. 1945లో ఆర్లింగ్టన్ హాల్‌లో కొందరిని కూర్చోబెట్టి అంకెల వరసలున్న కాగితం ఇచ్చారు. పక్కనున్నవాళ్ళు కాలేజీ చదువులవాళ్ళు. ఈమెకు ఆ డిగ్రీ లేదు. అంకెలు చూడగానే తీసివేయాలని తోచింది, చకచకా తీసేశారు. అందరికంటే ముందు పూర్తిచేశారు. వెంటనే రష్యన్ విభాగంలో వేశారు. 1980లో ఆ పని మూసివేసేదాకా ఉన్నారు. జీన్ గ్రబీల్ 36 ఏళ్ళు అదే పనిలో ఉండి 1978లో రిటైరయ్యారు.

ఈ కాగితాల వల్లే అణుబాంబు రహస్యాలు సోవియట్లకు అందించిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ సంగతి 1949లో తేలింది. సుమారు 3,000 సందేశాలు పూర్తిగానో కొంతగానో చదవగలిగారు. ఇదంతా ప్రజలకు తెలిసింది 1995లో.

ఫైల్లో ఉండిపోయిన వాక్యం

బ్రిటన్ అంతర్గత భద్రతా శాఖ ఎమ్‌ఐ5లో రికార్డు రూమును 'రిజిస్ట్రీ' అంటారు. అక్కడా పనిచేసినవాళ్ళు ఆడవాళ్ళే. యుద్ధం మొదలయ్యాక దాన్ని లండనులోని ఒక జైలు భవనంలోకి మార్చారు. 1940 సెప్టెంబరులో బాంబు పడి, మంటల్లో కార్డుల సూచిక బాగా దెబ్బతింది. అప్పుడు తెలిసొచ్చింది ఆ శాఖకు ప్రాణం ఎక్కడుందో.

ఆ శాఖలో తొలి మహిళా అధికారి జేన్ ఆర్చర్. 1916లో పద్దెనిమిదేళ్ళ వయసులో గుమాస్తాగా చేరారు. ఉద్యోగం చేస్తూనే న్యాయశాస్త్రం చదివి 1924లో బారిస్టరయ్యారు. సోవియట్ గూఢచర్యం మీద ఆమెను మించిన అధికారి లేరు. 1940 మొదట్లో, సోవియట్ పక్షం నుంచి తప్పించుకొని వచ్చిన క్రివిట్‌స్కీని రోజుల తరబడి ఓపికగా ప్రశ్నించారు. స్పెయిన్ అంతర్యుద్ధానికి ఒక యువ ఇంగ్లిషు విలేఖరిని సోవియట్లు పంపారని అతను చెప్పాడు. పేరు అతనికి తెలియదు. ఆమె దాన్ని రాసిపెట్టారు.

ఆ విలేఖరి కిమ్ ఫిల్బీ. అప్పటికి ఇంకా బయటివాడే. ఆ ఏడే బ్రిటన్ గూఢచారి శాఖల్లోకి ప్రవేశించాడు. అదే ఏడు నవంబరులో జేన్ ఆర్చర్‌ను, తాత్కాలిక అధిపతిని విమర్శించారన్న కారణంతో, ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె ఎమ్‌ఐ6కు మారారు. అక్కడ ఆమెకు పైఅధికారిగా వచ్చింది ఎవరో తెలుసా? ఫిల్బీయే. ఆమె సమర్థత అతనికి బాగా తెలుసు, తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు కూడా. అందుకే తన జోలికి రాని పని చూసి అప్పగించాడు. 1963లో మాస్కోకు పారిపోయేదాకా అతను చట్టానికి చిక్కలేదు. ఆ వాక్యం ఇరవై మూడేళ్ళు ఫైల్లోనే ఉంది. రాసినావిడను పంపించేశారు.

నోరు జారినవాళ్ళు ఎవరు?

ఆడవాళ్ళ నోట్లో రహస్యం దాగదని మన దగ్గరా ఒక మాట ఉంది. వెనోనా చరిత్ర చూస్తే ఆ మాట అనబుద్ధి కాదు. ఆ విభాగం ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పెదవి విప్పలేదు. సోవియట్లకు చేరవేసినవాడు అదే ఆఫీసులో భాషా నిపుణుడిగా తిరిగిన విలియం వైస్‌బాండ్. గ్రాండ్ జ్యూరీ ముందు హాజరు కానందుకు అతనికి ఏడాది జైలు పడిందే తప్ప గూఢచర్యం కేసు పెట్టనేలేదు. రెండోవాడు, వాషింగ్టన్‌లో బ్రిటన్ ప్రతినిధిగా కూర్చుని వెనోనా వివరాలు అధికారికంగా అందుకున్న ఫిల్బీ.

శత్రువు చేత చిక్కినవాళ్ళలోనూ నోరు విప్పనివాళ్ళున్నారు. కర్ణాటకలోని మన పాఠకులకు నూర్ ఇనాయత్ ఖాన్ పేరు తెలిసే ఉంటుంది. టిప్పు సుల్తాన్ వంశీకురాలు. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులోకి 1943 జూన్‌లో వెళ్ళిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు. తోటివాళ్ళంతా పట్టుబడినా తిరిగి రానన్నారు. అక్టోబరులో చిక్కారు. ఆమె పంపిన సందేశాల నకళ్ళు ఒక నోటుపుస్తకంలో దొరికాయి. సందేశాలను 'ఫైల్' చేయడంలో జాగ్రత్త పాటించమని ఆమెకిచ్చిన ఆదేశాల్లో ఉందట. రేడియో పరిభాషలో ఆ మాటకు పంపడం అని అర్థం. ఆమె భద్రపరచమన్నారని అనుకున్నారని చరిత్రకారులు అంటారు. అంటే తప్పు ఆదేశం రాసినవాడిది కూడా. చిత్రహింసలు పెట్టినా ఆమె తోటివాళ్ళ గుట్టు చెప్పలేదు. 1944 సెప్టెంబరు 13న డాఖౌ శిబిరంలో కాల్చి చంపారు. 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చారు.

తరువాత ఏమైంది?

బ్రిటన్ ప్రభుత్వోద్యోగాల్లో పెళ్ళైన స్త్రీ రాజీనామా చేయాలన్న నిబంధన 1946 దాకా ఉంది. యుద్ధం కోసం సడలించారంతే. ఎంతోమంది బ్లెచ్లీ ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. యుద్ధంలో ఏం చేశావంటే 'టైపింగు' అని చెప్పి ఊరుకున్నారు. బతికున్నవాళ్ళకు ప్రభుత్వం స్మారక చిహ్నం ఇచ్చింది 2009లో. ఆర్లింగ్టన్ హాల్‌లో కింది మెట్టు నుంచి మొదలుపెట్టిన ఆన్ కారక్రిస్టీ మాత్రం 1980లో అమెరికా జాతీయ భద్రతా సంస్థకు ఉపాధిపతి అయ్యారు. అలా పైకి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మన దేశంలోనూ 1942లో మహిళా సహాయక దళం ఏర్పడింది. టైపిస్టులుగా, టెలిఫోన్ ఆపరేటర్లుగా, సైఫర్ గుమాస్తాలుగా వేలమంది పనిచేశారు. మద్రాసు, బెంగళూరు వంటి ఊళ్ళలో స్థిరపడిన మన కుటుంబాల్లో ఎవరైనా అందులో చేరారేమో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. 'అమ్మమ్మ ఏదో టైపింగు చేసేదట' అన్న మాట వినిపిస్తే అక్కడితో వదలకండి. ట్రంకు పెట్టె అడుగున ఒక సర్వీసు కాగితం ఉండవచ్చు. ఉంటే ఫోటో తీసి భద్రపరచండి.

ఈ వ్యాసం రాస్తూ మా సంఘం పాత మినిట్సు పుస్తకాలు తిరగేశాం. ఆదివారం తెలుగు బడిని ఏళ్ళ తరబడి నడిపిన ఆడవాళ్ళు ఉన్నారు. చందాల లెక్కలు ఇంట్లో కూర్చుని పైసాతో సహా రాసినవాళ్ళు ఉన్నారు. పుస్తకంలో వాళ్ళు 'తదితర సభ్యులు'. ఆ రెండు మాటలు రాసిన దస్తూరీ మాదే. ఆనాటివాళ్ళు కొందరు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వచ్చే సర్వసభ్య సమావేశంలోగా వాళ్ళ పేర్లు, చేసిన పని, చేసిన సంవత్సరాలు విడిగా రాసి పుస్తకంలో చేర్చబోతున్నాం. మిగతా ఊళ్ళ సంఘాల కార్యదర్శులు కూడా తమ పుస్తకాలు ఒకసారి తెరిచి చూడాలని మా మనవి.